తెర మీది సముద్రం... ఒడ్డు మీది మనం!

సముద్రం అనగానే మీకు ముందుగా ఏం గుర్తుకొస్తుంది? ఉప్పునీళ్లా, చేపలా, తుఫానులా? అబ్బే... ఒక హీరో, ఒక హీరోయిన్, వాళ్ల వెనక తెల్లగా విరిగిపడే అల! అవునా, కాదా?

మా బిచ్కుంద వాళ్లకైతే అంతకుమించి గుర్తుకొచ్చే దారే లేదు. అటు పోతే మహారాష్ట్ర, ఇటు పోతే కర్ణాటక, పక్కన మంజీర ఇసుక. సముద్రం చూడాలంటే టికెట్టు కొనుక్కుని సినిమాలోనే చూడాలి. మా మంజీర మాత్రం కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, దాని వెంట బంగాళాఖాతం దాకా పోతుంది. మా ఊరి నీళ్లు చూసినంత లోకం కూడా మాలో చాలామంది చూడలేదన్నమాట!

అందుకే వేసవి సెలవులొచ్చాయంటే ఇంటింటా ఒకటే మాట... "వైజాగ్ పోదాం!" కుటుంబంతో పోతున్నాం, ఏమేం చూడాలి అని నన్ను అడిగేవాళ్లు ప్రతి ఏడూ తగులుతూనే ఉంటారు. సినిమాల మీద రాసేవాడికి సముద్రం సంగతి కూడా తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం సగం నిజం. పోయినేడు మా ఇంటిల్లిపాదితో కలిసి వెళ్లొచ్చాను కాబట్టి, మిగతా సగం కూడా ఈ వారం చెప్పేస్తాను.

అసలు మన కుర్రకారుకి వైజాగ్ పిచ్చి పట్టించిన పాపం ఎవరిదంటే, 1978లో వచ్చిన 'మరో చరిత్ర'ది అనాలి. రంగుల సినిమాలు రాజ్యమేలుతున్న రోజుల్లో బాలచందర్ గారు పట్టుబట్టి నలుపు తెలుపుల్లో తీశారు. కమల్ హాసన్ హీరో, సరితకు అదే మొదటి సినిమా. తెలుగు సినిమా తెలుగులోనే మద్రాసులో ఐదువందల రోజులు దాటి ఆడిందంటే మాటలా! విశాఖ, భీమిలి తీరాలు అందులో మూడో ప్రధానపాత్ర. నీలం రంగు లేకుండానే ఆ సముద్రం అంత అందంగా ఉంటే, అసలుది ఇంకెంత బాగుంటుందో అని మా ముందుతరం వాళ్లు కలలుగన్నారు. ఆ తర్వాత జంధ్యాల గారు 'నాలుగు స్తంభాలాట' వంటి సినిమాలతో ఆ ఊరిని మనకు మేనత్త ఊరంత దగ్గర చేసేశారు.

సరే, ఇక ప్రయాణం. సికింద్రాబాదులో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగొచ్చు. 1974 నుంచి తిరుగుతున్న పాత చుట్టం ఆ బండి. వేసవిలో బెర్తులు దొరకడం కొత్త సినిమాకి మొదటి ఆట టికెట్లు దొరకడంలాంటిదే. ముందే రిజర్వు చేయించుకోండి. మరో మాట... మన వైపు ఎండ చురుక్కుమంటుంది, అక్కడి ఎండ చెమటతో తడిపేస్తుంది. కాబట్టి ఒడ్డుకి పొద్దున, సాయంత్రం మాత్రమే. మధ్యాహ్నం ఫ్యాను కిందే మీ బీచ్!

మొదటిరోజు పొద్దున్నే రామకృష్ణా బీచ్. మన తూర్పుతీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. సినిమాల్లో మాదిరి సూర్యుడు సముద్రంలో మునిగే దృశ్యం కావాలంటే గోవాకో, కేరళకో పోవాలి. అందుకని ఎనిమిదింటిదాకా నిద్రపోయేవాళ్లకి విశాఖలో అసలు సీను మిస్సయినట్టే. సాయంత్రం అదే ఒడ్డున మూరీ మిక్చరు, మొక్కజొన్న కంకులు. ఇంటివాళ్లంతా ఇసుకలో కూచుని ఒకే పొట్లంలో చేతులు పెట్టే సుఖం ఏ హోటల్లోనూ దొరకదు.

అక్కడే రోడ్డు పక్కన, ఇసుక అంచున నిలబెట్టిన కురుసురా జలాంతర్గామిని మాత్రం వదలకండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, మరుసటేడు మ్యూజియంగా మారింది. పొడవు 91 మీటర్లు. వినడానికి చాలా పెద్దదే. లోపలికి పోయాక గాని తెలీదు, అంత పొడవులో డెబ్భై అయిదుమంది దాకా ఎట్లా సర్దుకున్నారో! తలుపులు వంగి దూరాలి, మంచాలు రైలు బెర్తులకన్నా ఇరుకు. 2017లో వచ్చిన 'ఘాజీ' చూసినవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. 1971 యుద్ధంలో పాకిస్తాన్ వారి ఘాజీ మునిగిపోయింది ఈ విశాఖ తీరానికి చేరువలోనే. మన రాజ్‌పుత్ నౌక దాడివల్ల అని మనవాళ్లు, లోపలి పేలుడువల్లో మైను వల్లో అని అవతలివాళ్లు. కథ ఏదైనా, సెట్లలో తీసిన సినిమాకి, అసలు ఉక్కుగోడకి తేడా ఏమిటో చేత్తో తాకి చూడొచ్చు. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. ఎదురుగా రోడ్డవతల టీయూ 142 విమానం కూడా మ్యూజియంగా ఉంది. పిల్లలకి అది పండగ.

రెండోరోజు భీమిలి రోడ్డు. ఒకపక్క కొండ, ఒకపక్క కెరటం... పాతిక ముప్ఫయ్ కిలోమీటర్ల ప్రయాణం. కైలాసగిరి మీద రోప్‌వే ఎక్కి, శివపార్వతుల విగ్రహాల దగ్గర అందరూ ఒక ఫోటో. దారిలో తొట్లకొండ. నీళ్లకోసం రాతిలో తొలిచిన తొట్లవల్ల ఆ పేరు. రెండువేల ఏళ్లనాడు బౌద్ధభిక్షువులు ఉన్న చోటది. నౌకాదళం వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడింది. దాని తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, చివరికి గోస్తని సముద్రంలో కలిసే భీమిలి. పదిహేడో శతాబ్దంలో వర్తకానికొచ్చిన డచ్చివారి సమాధులు, లైట్‌హౌసు, 'మరో చరిత్ర' జ్ఞాపకాలు... మీ అమ్మానాన్నల్ని కాసేపు అక్కడ వదిలేయండి. వాళ్లే మీకు కథ చెబుతారు!

నాయనమ్మలు, అమ్మమ్మలు వెంట ఉంటే మూడోరోజు సింహాచలం. అక్షయ తృతీయ నాడు తప్ప ఏడాదంతా స్వామి చందనం పూతలోనే ఉంటాడు. ఆ ఒక్కరోజు జనం మాత్రం వందరోజుల సినిమాని మించి ఉంటారు.

ఇక అసలు సంగతి. ఇది చెప్పడానికే ఈ వారం కలం పట్టాను.

ఒడ్డుకి చేరగానే మా అన్నకొడుకు చొక్కా విప్పేశాడు. "కాకా, బాయిల ఈదినోనికి ఇదెంత?" అన్నాడు. వాడు నిజంగానే మంచి ఈతగాడు. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఓ ముసలి జాలరి తలెత్తి, "బాబూ, నీ నుయ్యి కదల్దు. ఇది కదుల్తాది" అన్నాడు. మావాడు నవ్వేడు గాని, మోకాలిలోతు దాటలేదు. రోజూ ఆ నీళ్లమీద బతికే మనిషే అంత మాటంటే, బస్సు దిగివచ్చిన మనమెంత?

సంగతేమిటంటే, ఒడ్డుకొచ్చిన అలలనీళ్లు మళ్లీ లోపలికి పోవాలి గదా! ఒక్కోచోట ఆ నీళ్లన్నీ ఒక సన్నని దారి చేసుకుని వడిగా లోపలికి లాగుతాయి. చిత్రమేమంటే ఆ దారిలో అలలు పెద్దగా విరగవు. చుట్టూ నురగ, మధ్యలో నిమ్మళంగా, కాస్త ముదురురంగులో కనిపిస్తుంది. కొత్తవాళ్లు "ఇక్కడ అలలు లేవు, బాగుంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు. లాగాక భయపడి ఒడ్డుకేసి ఎదురీదుతారు, అలిసిపోతారు. ఎంత గజ ఈతగాడైనా అంతే. ఆ ప్రవాహం మనిషిని కిందికి ముంచదు, దూరంగా తీసుకుపోతుంది. కనుక కంగారుపడకుండా తేలుతూ చెయ్యెత్తి సాయం అడగాలి. ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక అప్పుడు ఒడ్డుకి మళ్లాలి. ఒడ్డునున్నవాళ్లు వెంటనే దూకేయకూడదు. తాడో, గాలి ట్యూబో, ఖాళీ డబ్బానో విసిరి, గార్డుల్ని పిలవాలి.

2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో ఆరుగురు ఇంజినీరింగు విద్యార్థులు అలలకు బలయ్యారు. సరదాగా వచ్చినవాళ్లే. మీ వయసువాళ్లే.

ఈమధ్య ఇంకో కొత్త ముచ్చట... సెల్‌ఫోనులో రీల్సు! పాచిపట్టిన బండమీద సముద్రానికి వీపు పెట్టి చేతులు చాచడం. అయ్యా హీరోగారూ! సినిమాలో ఆ ఒక్క షాటు వెనక నలభై మంది మనుషులుంటారు. తెరమీద మూడు క్షణాలు కనిపించే అలకోసం ఒడ్డున పూటంతా కాచుకుంటారు. నచ్చని అలను ఎడిటింగులో కత్తిరించేస్తారు. మీ వెనక నుంచొచ్చే అలకి 'కట్' చెప్పేవాడు లేడు!

కాబట్టి నా మాట ఇదీ. రామకృష్ణా బీచ్‌లో కాళ్లు తడుపుకోండి, చాలు. స్నానం చేయాలనుంటే రుషికొండ వంటి చోట, గార్డులు ఉన్న వేళలో, వాళ్లు చూపించిన హద్దులో దిగండి. పిల్లల చెయ్యి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. మందు పుచ్చుకున్నవాళ్లు ఒడ్డునే పడుకోవాలి. చీకటిపడ్డాక నీళ్లజోలికి పోవద్దు. ఎర్రజెండా ఉంటే అది అలంకారం కాదు. ఏ జాగా మంచిదో తెలీకపోతే అక్కడి జాలరిని అడగండి. గూగుల్ కన్నా ఆయనకే ఎక్కువ తెలుసు.

ఎంతమంది బయల్దేరారో అంతమందీ తిరిగి వచ్చి, ఇంట్లో బ్యాగులు దులిపితే నేలంతా ఇసుక రాలాలి. అమ్మ తిట్టాలి. ఆ తిట్లు పడ్డ ట్రిప్పే సూపర్ హిట్టు!

వచ్చేవారం మళ్లీ కలుద్దాం.