కాగితం మీది మినహాయింపు

పంజాగుట్ట నిమ్స్ పరిసరాల్లోని మందుల దుకాణాల్లో చీటీ చూపి సొమ్ము చెల్లిస్తే మందు చేతికొస్తుంది. రోగి ఏ దేశస్థుడని ఎవరూ అడగరు. ఇరాన్‌లోని రోగికి సొమ్మున్నా చెల్లించే దారి లేదు.

2018లో ఆంక్షలను తిరిగి విధిస్తూ, ఔషధాలకూ ఆహారానికీ మినహాయింపు ఉందని అమెరికా ప్రకటించింది. ఆ అక్టోబరు 3న అంతర్జాతీయ న్యాయస్థానం వీటికి అడ్డంకులు తొలగించాలని ఆదేశించింది. అమెరికా ఆనాడే, ఆ దావాకు ఆధారమైన 1955 నాటి మైత్రీ ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నట్లు చెప్పింది! మందు నిషిద్ధం కాదు. దాని సొమ్ము చేరవేయవలసిన బ్యాంకూ, సరుకుకు బీమా చేయవలసిన సంస్థా జరిమానాకు జడిసి తప్పుకుంటాయి. ఉత్తర్వు ఉంటుంది, సంతకం చేసే చెయ్యి ఉండదు. గుమాస్తాగా బతికినవాడికి ఈ విద్య కొత్తది కాదు.

మనకు వేరే మార్గం ఉండేది. ఇరాన్ చమురు వెలను రూపాయలలో యూకో బ్యాంకులో జమచేస్తే, వారు ఆ రూపాయలతోనే మన బాస్మతి బియ్యం, తేయాకు, మందులు కొనేవారు. 2019 మేలో అమెరికా వెసులుబాటు ఎత్తివేయగానే ఢిల్లీ కొనుగోళ్లు మానుకుంది, ఖాతా ఎండిపోయింది. 2022 తరువాత రష్యా చమురు దగ్గర మాత్రం జాతీయ ప్రయోజనం గుర్తుకొచ్చింది. అది తప్పనను. ఇరాన్ విషయంలో ఆ తెగువ ఏమైంది?

2025 ఆగస్టులో రష్యా చమురు సాకుతో మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చిన అమెరికా, జనరిక్ మందుల జోలికి పోలేదు. ఒకప్పుడు అమీర్‌పేటలో కార్యాలయమున్న డాక్టర్ రెడ్డీస్ వంటి హైదరాబాదు కంపెనీల మాత్రలు అక్కడి రోగులకు అవసరం. మన మందుల పరిశ్రమ దిగుమతి చేసుకునే ముడిసరుకులో అత్యధికం చైనాదే అయినా వారికి అభ్యంతరం లేదు. తమ రోగికి కావలసిన గొలుసు పవిత్రం, టెహ్రాన్ తల్లికి కావలసినది అనుమానాస్పదం!

‘షియాల గొడవ మనకెందుకు’ అనే మాట మనలోనూ వినబడుతోంది. సిగ్గుచేటు. టెహ్రాన్ పాలకుల జైళ్లను సమర్థించమని ఎవరూ కోరడం లేదు. రోగి పాలకుడు కాడు. 1990 నుంచి 2003 దాకా ఇరాక్‌పై సాగిన ఆంక్షలలో సద్దాం ఏ పూట పస్తున్నాడు?

2025 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి ఆంక్షలు కూడా తిరిగి వచ్చాయి. కనుక మన పార్లమెంటు సభ్యులను ఇప్పుడే నిలదీయాలి. రంజాన్‌కు మనం కొనే ఇరాన్ ఖర్జూరం, పిస్తాల వెలను రూపాయి ఖాతాలో జమచేసి, దాన్ని మందులకే పరిమితం చేయడానికి ప్రభుత్వానికి అడ్డేమిటో వారు లిఖితపూర్వకంగా చెప్పించాలి.