చెరసాలలో వర్ధిల్లినవాడు

సంఘంలో ఎవరికైనా ఉద్యోగం వస్తే ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పిస్తాం. మంచి అలవాటే. కృతజ్ఞత కానుక కవరు పళ్లెంలో పడుతుంది, అందరూ స్తోత్రం చెబుతారు, ఆ ఇంట్లో నలుగురికి భోజనం పెడతారు. అదే పరీక్ష రాసి ఉద్యోగం రానివాడు వెనుక వరుసలో కూర్చుని చప్పట్లు కొడతాడు. నీకేం జరిగింది, దేవుడు నీకెలా తోడుగా ఉన్నాడు అని అతణ్ణి ముందుకు పిలిచి అడిగిన సంఘాన్ని నేనింతవరకు చూడలేదు.

నేను కూడా ఒకప్పుడు అలాంటి సాక్ష్యం చెప్పాను. 1987లో డిగ్రీ పాసైనప్పుడు. దేవుడు నాకు జ్ఞాపకశక్తినిచ్చాడని, పరీక్ష హాల్లో నాకు తోడుగా నిలిచాడని చెప్పి అయిదు రూపాయల కానుక వేశాను. నిజమేమిటంటే ఆఖరి పేపరులో అయిదో ప్రశ్నకు జవాబు నా చొక్కా మడతలో ఉన్న చీటీలోంచి వచ్చింది. ఆ రోజు హాల్లో చాలామంది చేతుల్లో చీటీలున్నాయి. అందరూ రాస్తున్నారు కదా అని నేనూ రాశాను. నా పక్క బెంచీలో మా సంఘానికే చెందిన మిత్రుడు ఉన్నాడు. చీటీ అతని వైపు జరిపాను. వద్దన్నట్టు తల ఊపి, తెలిసినంత రాసి, గంట కొట్టకముందే లేచి వెళ్లిపోయాడు. నేను పాసయ్యాను. అతను ఆ ఒక్క పేపరులో తప్పి ఒక సంవత్సరం పోగొట్టుకున్నాడు. నా సాక్ష్యం విని చప్పట్లు కొట్టిన వాళ్లలో అతనూ ఉన్నాడు.

ఆ ఏడాది తేడా చిన్నది కాదు. ముందు పాసైన నేను ముందు ఉద్యోగంలో చేరాను. అతను ఆలస్యంగా డిగ్రీ పూర్తి చేసి, టీచరు కావాలన్న కోరికతో కార్వేటినగరంలో ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లాడు. 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లాకొకటి చొప్పున ఏర్పడిన ‘డైట్’ కళాశాలల్లో చిత్తూరు జిల్లాది కార్వేటినగరంలోనే ఉంది. సంస్థానం పోయినా రాజుల కోట, వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి ఉన్న ఆ ఊరు ఆ తరువాత పంతుళ్ల ఊరు కూడా అయింది. మన పల్లెల్లో అక్షరాలు దిద్దించిన ఎంతోమంది అక్కడి నుంచే వచ్చారు. వాళ్లలో క్రైస్తవ కుటుంబాల బిడ్డలు కూడా చాలామంది ఉన్నారు. మిషన్ బడులు మన తాతల కాలం నుంచి నేర్పిన ఆశ అది. కూలివాడి బిడ్డ సుద్దముక్క పట్టుకుంటే ఆ ఇంటి తలరాత మారుతుందన్న ఆశ.

మిత్రుడు 1998లో డీఎస్సీ రాశాడు. అర్హత సాధించాడు, ఉద్యోగం మాత్రం రాలేదు. 1998 డీఎస్సీ ఎంత వివాదమైందో ఆ బ్యాచి వారిని అడిగితే చెబుతారు. కోర్టులు, వినతిపత్రాలు, ధర్నాలు, మారిన ప్రభుత్వాలు. అర్హత కాగితం చేతిలో పట్టుకుని వాళ్లు 24 ఏళ్లు ఎదురుచూశారు. కొందరు ప్రైవేటు బడుల్లో చేరారు, కొందరు సైకిళ్ల మీద బట్టలమ్మారు, కొందరు చనిపోయారు. నా మిత్రుడు ట్యూషన్లు చెప్పాడు. వేసవిలో బెంగళూరు మామిడికాయ దిగే రెండు నెలలు ఒక మండీలో కాటా దగ్గర లెక్కలు రాసేవాడు. రైతు కాయకు తరుగు కొంచెం ఎక్కువ వేసి రాయమన్నందుకు ఆ పని కూడా మానేశాడు. పైకి చూస్తే పిచ్చితనమే, ఎందుకంటే ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. కానీ సామెతల గ్రంథంలో దొంగత్రాసు గురించి ఉన్న మాట (సామె 11:1) మనం ఆదివారం చదువుతాం, అతను సోమవారం కాటా దగ్గర చదివాడు.

ఈ కాలమంతా సంఘం అతనికి ఏం చెప్పింది? ఉపవాస ప్రార్థన చేయమంది. దాచుకున్న పాపమేదైనా ఉందేమో చూసుకోమంది. ఒక పెద్దాయన, విశ్వాసం చాలడం లేదేమో అన్నాడు. యోబు స్నేహితులు ముగ్గురే. మన సంఘాల్లో వాళ్ల సంతానం బాగా పెరిగింది.

యోసేపు కథను మనం ఎప్పుడూ చివరి నుంచి చెబుతాం. రథం, రాజముద్రిక, బంగారు గొలుసు. నీతిగా ఉన్నాడు కాబట్టి దేవుడు అతణ్ణి ప్రధానమంత్రిని చేశాడని పిల్లలకు సండే స్కూలులో నేర్పుతాం. బైబిలు ఆ వరుసలో చెప్పలేదు. పోతీఫరు భార్యను కాదన్న యోసేపుకు నీతివల్ల మొదట దక్కింది జైలు. నీతిగా లేకపోతే ఆ ఇంట్లోనే హాయిగా ఉండేవాడు! పదిహేడేళ్ల వయసులో ఇల్లు విడిచినవాడు (ఆది 37:2) ఫరో ముందు నిలబడేసరికి ముప్ఫయ్యేళ్లవాడు (41:46). మధ్యలో పదమూడేళ్లు. అందులో చివరి రెండేళ్లు, సాయం పొందినవాడు అతణ్ణి మరచిపోయినందువల్ల పోయినవి (40:23, 41:1).

అయితే నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది వేరే సంగతి. యోసేపు వర్ధిల్లాడని బైబిలు ఎక్కడ రాసింది? ఐగుప్తు సింహాసనం పక్కన కాదు. అతను అమ్ముడుపోయిన బానిసగా పోతీఫరు ఇంట్లో ఊడిగం చేస్తున్నప్పుడు ఆ మాట రాసింది (39:2). మళ్లీ చెరసాలలో ఉన్నప్పుడు అదే అధ్యాయం చివర రాసింది (39:23). రెండుచోట్లా కారణం ఒక్కటే చెప్పింది, దేవుడు అతనికి తోడుగా ఉన్నాడని. అతని చేతికి జీతం రాలేదు, అతని పేరు మీద నింద పోలేదు, ఇంటికి ఉత్తరం రాసే దారి కూడా లేదు. లేఖనం దృష్టిలో ఆ మనిషి అప్పటికే వర్ధిల్లినవాడు. నీతిగా ఉంటే ప్రమోషన్ వస్తుందని బోధించే వాళ్లు ఈ అధ్యాయాన్ని ఎలా చదువుతారో నాకు అర్థం కాదు. దానియేలులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు కాబట్టే (దాని 6:4) అతను సింహాల గుహలోకి వెళ్లాడు. నీతికి ఖరీదు లేదని మనం పిల్లలకు చెప్పకూడదు. చెబితే, బిల్లు వచ్చిన రోజున వాళ్లు దేవుణ్ణి వదిలేస్తారు.

కార్వేటినగరం పక్కనే పుత్తూరు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు వేయించుకున్నవారికి తెలుసు, ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు పెట్టి కడతారు. అది ఒక్క కట్టుతో తీరేది కాదు, మళ్లీ వెళ్లి విప్పించుకుని కట్టించుకోవాలి. తొందరపడి ముందే విప్పుకున్నవాడు నడుస్తాడు, కానీ కాలు వంకరగా అతుక్కుంటుంది. నాది అలాంటి నడకే. ఉద్యోగం, ఇల్లు, సంఘంలో పెద్దరికం అన్నీ వచ్చాయి. పరీక్షల కోసం పిల్లలు ప్రార్థన చేయమని వచ్చినప్పుడల్లా మాత్రం ఆ అయిదో ప్రశ్న గుర్తుకొచ్చేది. నిజాయితీగా చదవండి అని చెప్పబోయి, బాగా చదవండి అని మాత్రమే చెప్పి పంపేవాణ్ణి.

గుర్రం జాషువా కూడా పంతులే. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల ఉద్యోగం పోతే రాజమండ్రి వెళ్లి, 1915-16 ప్రాంతంలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చదివాడు. తరువాత గుంటూరులో లూథరన్ సంఘం నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశాడు. పురాణ పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవులు, అంటరానివాడని పండితులు అతణ్ణి దూరం పెట్టారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాక అందరికీ ఆయన మనవాడయ్యాడు. వెలివేసిన రోజుల్లో కూడా ఆయన జాషువానే కదా!

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు 3 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ఆ సెప్టెంబరులో నియామక పత్రాలందుకున్న పిల్లలతో మన సంఘాల్లో సాక్ష్యాలు చెప్పించాం. లెక్క వేస్తే ఒక్కొక్కరి వెనుక రానివాళ్లు కనీసం పదిహేడు మంది. వాళ్లు కూడా మన బెంచీల మీదే కూర్చుంటారు. ఇంకో డీఎస్సీ వచ్చేలోగా దళారి ఎవడైనా తలుపు తట్టి ఇంత ఇస్తే పోస్టు ఇప్పిస్తానంటే, ఆ పిల్లల్ని నిలబెట్టేది మన ప్రసంగమా, వాళ్లను మనం చూసిన చూపా?

1998 వాళ్ల గురించి ప్రభుత్వం 2022లో నిర్ణయం తీసుకుంది. మరుసటి ఏడు వాళ్లను పోస్టుల్లోకి తీసుకున్నారు, రెగ్యులర్‌గా కాదు, కాంట్రాక్టు మీద, మినిమం టైమ్ స్కేలుతో. నా మిత్రుడు జుట్టంతా నెరిశాక ఒక పల్లె బడిలో రెండో తరగతి పిల్లల ముందు నిలబడ్డాడు. ఆ ఆదివారం అయ్యగారు అతణ్ణి సాక్ష్యం చెప్పమన్నారు. అతను లేచి రెండే మాటలన్నాడు. “ఈ ఉద్యోగం వచ్చినందుకు దేవునికి స్తోత్రం అయ్యగారూ. కానీ ఆయన నాతో బాగా మాట్లాడింది ఉద్యోగం లేనప్పుడు, అప్పుడు పిలిచివుంటే ఇంకా చెప్పేవాణ్ణి.” కూర్చున్నాడు. ఎవరికీ స్తోత్రం అనాలో వద్దో తెలియలేదు. కానుకల పాట మామూలుకన్నా ముందే మొదలైంది.

తరువాతి వారం అడిగి మరీ లేచాను. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇచ్చాడు (లూకా 19:8). మార్కులు అలా తిరిగి ఇవ్వడానికి వీలుపడదు. 1987లో ఇదే చోట నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమని, ఆ రోజు తోడుగా ఉన్న దేవుడు పక్క బెంచీ దగ్గర ఉన్నాడని చెప్పాను. ఇంత పాత సంగతి ఇప్పుడెందుకండీ, పిల్లలు వింటారు అని ఒక పెద్ద తరువాత మందలించారు. పిల్లలు విన్నారు, అందుకే చెప్పాను.

ఆరాధనయ్యాక మిత్రుడు గేటు దగ్గర కనిపించాడు. చాలాసేపు ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుంటూ, “ఒరే, ఆ అయిదో ప్రశ్న నాకు ఇప్పటికీ రాదురా” అని నవ్వాడు.