యూరియాను ఏ గాటన కట్టాలి?

ఈ రోజుల్లో 'ఆర్గానిక్' అన్న మాటకున్న గిరాకీ మరే మాటకూ లేదు. బియ్యం ఆర్గానిక్, బెల్లం ఆర్గానిక్, చివరికి తలకు రాసుకునే నూనె కూడా ఆర్గానిక్. అదే మాటను మన రసాయన శాస్త్రం తరగతిలోనూ రోజూ వింటున్నాం. కాని అక్కడి అర్థం వేరు, అంగడిలోని అర్థం వేరు. రెండింటినీ కలగాపులగం చేస్తే చివరికి నష్టపోయేది రైతేనని నా అభిప్రాయం.

పూర్వం ఈ విభజన చాలా తేలిగ్గా ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ కాలంలో, చెట్టూ చేమా పశువుల నుంచి వచ్చినవి సేంద్రియ పదార్థాలు. రాళ్ళూ లోహాలూ లవణాలూ నిరింద్రియ పదార్థాలు. మొదటి రకం తయారు కావాలంటే జీవిలోని 'ప్రాణశక్తి' ఉండితీరాలని పండితులు నమ్మేవారు. 1828లో వోలర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అమ్మోనియం సయనేట్ అనే లవణం నుంచి యూరియాను రాబట్టాడు. అంతవరకూ యూరియా అంటే జంతువుల మూత్రంలో దొరికేది! రెండింటిలో ఉన్నవి అవే పరమాణువులు, అదే లెక్క. అమరిక మాత్రమే వేరు. ప్రాణశక్తి వాదం ఒక్క రోజులో కూలిపోలేదు గాని, 1845లో కోల్బే అసిటిక్ ఆమ్లాన్ని కూడా ప్రయోగశాలలోనే తయారుచేసేసరికి దాని పునాది బాగా కదిలింది.

ఇప్పుడు గీత గీసేది ప్రాణం కాదు, కర్బనం. పెనం మీద పంచదార వేస్తే కరిగి, మాడి, నల్లటి బొగ్గు మిగులుతుంది. ఉప్పు వేస్తే చిటపటలాడుతుందే గాని మాడదు. పంచదార కర్బన సమ్మేళనం, ఉప్పు అకర్బన సమ్మేళనం. అయితే కర్బనం ఉన్నదల్లా కర్బన సమ్మేళనం అనుకోవడానికీ వీల్లేదు. బొగ్గుపులుసు వాయువులో, సున్నపురాయిలో, చాకలి సోడాలో కర్బనం ఉన్నా వాటిని అకర్బనాల్లోనే చదువుకుంటున్నాం. అంటే ఇది మనం చదువుకోడానికి వీలుగా వేసుకున్న గట్టు. ప్రకృతి వేసింది కాదు.

ఈ లెక్కన ఫ్యాక్టరీలో అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు కలిపి తయారుచేసే యూరియా అచ్చమైన ఆర్గానిక్ పదార్థం! 2011లో సుప్రీంకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాన్ కూడా ఆర్గానిక్ సమ్మేళనమే. మరోపక్క మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అకర్బనం; అయినా సేంద్రియ వ్యవసాయ ప్రమాణాలు దాన్ని కొన్ని పరిమితులతో అనుమతిస్తాయి. కాబట్టి రసాయన శాస్త్రంలోని ఈ పేరు చూసి ఏది విషమో, ఏది మేలో చెప్పలేం. సంచి మీద 'కెమికల్స్ లేనిది' అని అచ్చువేసేవారిని ఒకటే అడగాలి: అయ్యా, నీళ్ళు కెమికల్ కాదా?

అయితే యూరియా, పశువుల పెంట ఒకటేనా? ఒక్క విషయంలో ఒకటే. పెంటలోని నత్రజనిని సూక్ష్మజీవులు విడగొట్టాలి, యూరియాను నేలలోని యూరియేజ్ అనే ఎంజైమ్ విడగొట్టాలి. చివరికి వేరు ఎక్కువగా పీల్చుకునేది అమ్మోనియం, నైట్రేట్ రూపాల్లోనే. అవి రెండూ అకర్బనాలే. ఏ ఇంటినుంచి వచ్చావని వేరు అడగదు.

మిగతా విషయాల్లో మాత్రం హస్తిమశకాంతరం ఉంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అంత నత్రజని పెంట నుంచి రావాలంటే, అందులో అర శాతం ఉందనుకున్నా, నాలుగు టన్నులకు పైగా తోలాలి. పశువులు తగ్గిపోయిన ఊళ్ళలో అంత పెంట ఎక్కణ్ణుంచి వస్తుంది? యూరియాను తిట్టేవారు ముందు ఈ లెక్క వెయ్యాలి. మరి యూరియాను నెత్తిన పెట్టుకునేవారు ఇంకో లెక్క వెయ్యాలి. యూరియాలో ఉన్న ఒకే ఒక్క కర్బన పరమాణువు బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. నేలలో సేంద్రియ పదార్థంగా నిలవదు. పెంట, జీలుగ, జనుము వేస్తే వాటి కర్బనంలో కొంత నేలలో నిలిచి, మట్టిని గుల్లగా ఉంచి, తేమను పట్టి, సూక్ష్మజీవులకు తిండి పెడుతుంది. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువుంటే దాన్ని 'తక్కువ' కిందే రాస్తారు. ఆ లోటును ఎన్ని బస్తాల యూరియా చల్లినా పూడ్చలేం.

ఆర్గానిక్ అన్న మాటకు తరగతిలో అర్థం అణువు నిర్మాణం, పొలంలో అర్థం నేల బాగోగులు. రెండూ తెలిసినవాళ్ళం మనమే. "యూరియా విషం" అనేవారికీ, "యూరియా ఉంటే చాలు" అనేవారికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా మనదే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు తేడాలు పట్టిక వేసి వచ్చేస్తే చదువు అయిపోయినట్టేనా?

విద్యార్థి సంఘానికి నాదొక మనవి. పొటాషియం డైక్రోమేట్, గంధకికామ్లం, ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ మన ల్యాబుకు కొత్తవి కావు. 1934లో వాక్లీ, బ్లాక్ చెప్పిన పద్ధతిలో మట్టిలోని సేంద్రియ కర్బనాన్ని కొలవడానికి ముఖ్యంగా కావలసినవి అవే. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళేవాళ్ళు తలా ఒక పొట్లం పొలం మట్టి తెద్దాం. మేష్టర్ల అనుమతితో, వారి పర్యవేక్షణలో, మనమే పరీక్ష చేద్దాం. వచ్చిన అంకెను ఒక కాగితం మీద రాసి, దాని అర్థమేమిటో వాడుక తెలుగులో విడమర్చి, ఇంటికి పంపుదాం.