నాలుగు రాత్రుల దూరం

గత నెలలో ఒకనాడు ఇషా నమాజు ముగించుకుని ఇల్లు చేరేసరికి మా చిన్నమ్మాయి, "అబ్బా, ఇది చూడండి" అంటూ ఫోను నా చేతికిచ్చింది. తెర మీద నలుపు తెలుపుల్లో ఒక వీధి కదులుతోంది. మాట లేదు, పాట లేదు, కథ అసలే లేదు. నేల అడుగున నడిచే ఇనుప తాడు లాగుతుండగా పట్టాల మీద సాగే ఒక బండి ముందు భాగాన కెమెరా నిలిపి, బండి సాగినంత సేపూ ఎదుట కనిపించినదంతా చిత్రించారు. అది అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ప్రధాన వీధి, మార్కెట్ స్ట్రీట్. సంవత్సరం 1906. మైల్స్ సోదరులనే నలుగురు అన్నదమ్ముల సంస్థ తీసిన ఆ చిత్రం నిడివి సుమారు 13 నిమిషాలు.

మొదట దాన్ని వినోదంగానే చూశాను. గుర్రపు బండ్లు, అప్పుడప్పుడే వీధుల్లోకి వస్తున్న మోటారు కార్లు, సైకిళ్ళు, సరుకుల బండ్లు ఒకదాని దారికి ఒకటి అడ్డం పడుతూ వెళుతుంటాయి. దారి చూపే దీపాలు లేవు, గీతలు లేవు. మనుషులు తమకు తోచిన చోట వీధి దాటుతుంటారు. ఒక పెద్దమనిషి బండి మీదికి వస్తున్నా తొందర పడక నాలుగడుగులు వేసి తప్పుకుంటాడు. మగవారిలో టోపీ లేని తల కనిపించడమే అరుదు. స్త్రీల దుస్తులు పాదాలను దాటి నేలను తాకుతున్నాయి. పత్రికలమ్మే కుర్రవాళ్ళు బండ్ల మధ్యనుండి పరుగెడుతున్నారు. కొందరు కెమెరాను చూసి ఆగిపోతారు. కొందరు నవ్వుతారు. ఎక్కువమంది చూడనే చూడరు, వారి పనిలో వారున్నారు. వీధి చివర ఫెర్రీ భవనపు గోపురం ముందు సూదిలా కనిపించి, బండి దగ్గరయ్యే కొద్దీ ఎత్తు పెరుగుతూ వస్తుంది.

ఒక మోటారు కారు మాత్రం మళ్ళీ మళ్ళీ కనిపించింది. బండిని దాటి పోయినదే కాసేపటికి తిరిగి ప్రత్యక్షమవుతుంది. వీధిలో కార్లు ఎక్కువగా ఉన్నట్లు చూపడానికి చిత్రం తీసినవారే అలా తిప్పించి ఉంటారని చరిత్రకారులు భావిస్తారు. ప్రదర్శన బుద్ధి అన్ని కాలాల్లోనూ ఉన్నదే కదా అని నవ్వుకున్నాను.

అప్పుడు మా అమ్మాయి అడిగింది: "వీళ్ళకు తెలియదు కదా, అబ్బా?"

ఏమి తెలియదని అడిగాను. చిత్రం కింద రాసి ఉన్న వాక్యాన్ని చూపింది. ఆ వాక్యం చదివిన తర్వాత నా నవ్వు నిలవలేదు.

ఈ చిత్రాన్ని 1905లో తీసి ఉంటారని చాలాకాలం అనుకునేవారు. డేవిడ్ కీన్ అనే సినిమా చరిత్రకారుడు వీధిలోని నీటి మడుగులను ఆనాటి పత్రికల్లోని వర్షపు వార్తలతో పోల్చి, కార్ల నంబర్లను పాత నమోదు పత్రాలతో సరిచూసి, అది 1906 వసంతంలో తీసినదని నిరూపించాడు. ఇప్పుడు సాధారణంగా చెప్పే తేదీ ఏప్రిల్ 14. అది శనివారం. ఏప్రిల్ 18, బుధవారం తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు, మన లెక్కలో ఫజర్ వేళలో, ఆ నగరం కింద భూమి కంపించింది. తీవ్రమైన కుదుపు సుమారు ఒక నిమిషం. ఆ తర్వాత మంటలు మూడు రోజుల పాటు సాగాయి. నీటి గొట్టాలు పగిలిపోవడం వల్ల ఆర్పడానికి నీరు కరువైంది. 28 వేలకు పైగా కట్టడాలు నాశనమయ్యాయి. నాలుగు లక్షల జనాభాలో సగానికి మించి నిరాశ్రయులయ్యారు. ఆ వీధిలోనే ఉన్న మైల్స్ సోదరుల స్టూడియో కూడా బూడిదైంది. చిత్రపు రీళ్ళు దక్కడానికి కారణం ఒక్కటే: విపత్తుకు ముందు రోజే అవి రైలులో న్యూయార్క్‌కు బయలుదేరాయి. ఆ తర్వాత ఆ సోదరులే శిథిలాల మధ్య నిలబడి మళ్ళీ కెమెరా తిప్పారు.

చిత్రాన్ని మళ్ళీ మొదటినుండి చూశాం. ఈసారి అదే వీధి వేరుగా కనిపించింది. తొందర లేకుండా వీధి దాటిన ఆ పెద్దమనిషి ఎక్కడికి వెళుతున్నాడు? ఎవరికైనా బాకీ తీర్చడానికా, వచ్చే వారం తీరుస్తానని చెప్పడానికా? పత్రికల కుర్రవాడు తన తల్లితో ఆ ఉదయం ఏ మాట అని బయలుదేరాడు? వీరిలో ఎవరు బతికారో, ఎవరు పోయారో చిత్రం చెప్పదు. కాని వారందరి ముందూ ఉన్న దూరం నాలుగు రాత్రులు మాత్రమే.

దారి పక్కన పాలెస్ హోటల్ వస్తుంది. 1875లో ప్రారంభమైన ఆ భవనాన్ని కట్టినవారు భూకంపాన్ని, అగ్నిని మనసులో పెట్టుకునే కట్టారు. నేల అడుగున పెద్ద నీటి తొట్టి, పైకప్పు మీద ట్యాంకులు ఏర్పరచారు. నిజానికి అది భూకంపానికి కూలలేదు. ఏప్రిల్ 17 రాత్రి ఆ నగరపు నాటకశాలలో పాడి వచ్చిన ప్రసిద్ధ గాయకుడు ఎన్రికో కరూసో ఆ హోటల్లోనే నిద్రించాడు, ప్రాణాలతో బయటపడ్డాడు. కాని నిల్వ నీరు అయిపోయాక అదే రోజు మంటలు ఆ భవనాన్ని తినివేశాయి. జాగ్రత్త పడడం తప్పు కాదు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాతే అల్లాహ్‌పై భారం వేయాలన్నది మనకు తెలిసిన బోధనే. అయితే కట్టిన తాడునే నమ్ముకుని నిశ్చింతగా ఉండిపోయేవారికి ఆ హోటల్ ఒక పాఠం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇలాంటి దృశ్యాలు చూసినప్పుడు, "పాపం పండింది, శిక్ష పడింది" అని తీర్పు చెప్పేవారు మనలో ఉన్నారు. ఆ అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. ప్లేగు వల్ల, కూలిన కట్టడాల కింద పడి మరణించిన విశ్వాసులను షహీదుల్లో లెక్కించిన ధర్మం మనది. విపత్తు మంచివారినీ చెడ్డవారినీ ఏరుకుని రాదు. ఎదుటివారి మరణంలో మనం వెతకవలసింది వారి తప్పు కాదు, మన సంసిద్ధత.

మరణాల లెక్క విషయంలో జరిగినది ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆనాటి అధికారులు మొదట ప్రకటించిన మృతుల సంఖ్య కొన్ని వందలు మాత్రమే. దశాబ్దాల తర్వాత గ్లాడిస్ హాన్సెన్ అనే నగర గ్రంథపాలకురాలు మృతుల పేర్లను ఒక్కొక్కటిగా వెతికి రాసుకుంటూ పోగా, నిజమైన సంఖ్య మూడు వేల వరకు ఉంటుందని తేలింది. చైనా నుండి వలస వచ్చి అక్కడ బతుకుతున్న పేదలలో ఎంతోమంది మొదటి లెక్కలోకి రానేలేదు. మనుషుల జాబితాలు ఇలాగే ఉంటాయి. పేదవాడి పేరు, పరాయివాడి పేరు ముందుగా జారిపోతాయి. కెమెరా కూడా అంతే. తన ఎదుటికి వచ్చినంత మేరకే చూసింది. ముఖాన్ని చూసింది గాని ఉద్దేశాన్ని చూడలేదు. ఈమధ్య కంప్యూటర్ సాయంతో ఈ చిత్రానికి రంగులూ శబ్దాలూ చేర్చిన ప్రతులు తిరుగుతున్నాయి. అవి కంటికి ఇంపుగా ఉన్నా, ఆ రంగులు యంత్రపు ఊహలే. ఏదీ చేర్చని, ఏదీ వదలని గ్రంథం ఒక్కటే ఉన్నది. మన కుడి ఎడమల ఉన్న దైవదూతలు రాస్తున్న కర్మల పత్రం అది. అందులో ఎవరి పేరూ జారిపోదు. ఎవరి హక్కూ జారిపోదు.

ఈ "హక్కు" అనే మాట దగ్గర నా ఆలోచన ఆగింది. ఎందుకంటే ఆ రాత్రి నాకు గుర్తుకు వచ్చినది శాన్‌ఫ్రాన్సిస్కో కాదు, మా చాచాజాన్.

ఆయన నిద్రలోనే కన్ను మూశారు. నమాజీ, నిజాయితీపరుడు, మాట తప్పని మనిషి. ఆయన బీరువాలో ఒక గుడ్డమూటలో రెండు బంగారు గాజులు దొరికాయి. అవి మా చాచీవి కావు. మీద ఎవరి పేరూ లేదు. ఎవరో నమ్మి దాచమని ఇచ్చిన అమానతు అని అందరికీ అర్థమైంది, ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియలేదు. అడగడానికి ఆయన లేరు. బయట ప్రకటిద్దామంటే తప్పుడు హక్కుదారులు వస్తారన్న భయం. ఏడు నెలల తర్వాత పక్క ఊరి నుండి ఒక వృద్ధురాలు వచ్చి, సంకోచిస్తూ సంకోచిస్తూ, గాజుల మీది నగిషీ గుర్తులు చెప్పింది. తన మనవరాలి పెళ్ళికి దాచుకున్నవట. "అన్న పోయిన ఇంటికి వచ్చి సొమ్ము ఎలా అడగను అని ఇన్నాళ్ళూ ఆగాను" అన్నది. మా చాచీ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడు నెలలూ ఆమెకు కంటి నిండా నిద్ర లేదు. చాచాజాన్ మోసం చేయలేదు. ఒక్క చీటీ ముక్క రాయలేదు, అంతే. రేపు రాద్దామనుకుని ఉంటారు.

రేపు తన సంపాదన ఏమిటో, తన చావు ఏ నేల మీదో ఏ మనిషికీ తెలియదని ఖుర్ఆన్ మనకు బోధించింది. ఈ సత్యాన్ని మనం జనాజాల దగ్గర నిట్టూర్పుగా వాడుకుంటాం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) దాన్ని ఆచరణగా మార్చి చూపారు. రాయవలసిన విషయం ఏదైనా ఉన్న ముస్లిం, తన వసీయత్ రాసి దగ్గర ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదన్నారు. ఈ మాట విన్న నాటి నుండి హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమర్ (రజియల్లాహు అన్హు) వసీయత్ లేకుండా ఒక్క రాత్రి కూడా గడపలేదని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆ వీధిలోని వారికి నాలుగు రాత్రులు దొరికాయి. మనకు చెప్పిన గడువు రెండు.

ప్రవక్త జీవితంలోని మరో ఘట్టం చూడండి. మక్కాలో ఆయన ప్రాణం తీయడానికి శత్రువులు ఇంటిని చుట్టుముట్టిన రాత్రి, ఆయన హజ్రత్ అలీ (రజియల్లాహు అన్హు)ని వెనుక ఉంచి వెళ్ళారు. తన వద్ద దాచుకున్న వారి సొమ్ములు ఎవరివి వారికి అప్పగించి రమ్మని ఆదేశించారు. ఊరు విడిచిపోయే ఆపద ఘడియలో కూడా ఏ వస్తువు ఎవరిదో తెలిసి ఉన్నది, అప్పగించే మనిషి సిద్ధంగా ఉన్నాడు. అలాగే, అప్పుతో మరణించి దాన్ని తీర్చే సొమ్ము వదలని ఒకరి జనాజా వచ్చినప్పుడు ప్రవక్త నమాజు చేయించడానికి వెనుకాడారు. ఆ అప్పు తన మీద వేసుకుంటానని హజ్రత్ అబూ ఖతాదా (రజియల్లాహు అన్హు) ముందుకు వచ్చిన తర్వాతే చేయించారు. అప్పు ఎంత బరువైనదో చెప్పడానికి ఇది చాలు.

వసీయత్ అనగానే ఆస్తిపరుల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వారసుల వాటాలు షరీఅత్ ముందే నిర్ణయించింది. వారసులు కాని వారికి, ధర్మకార్యాలకు మూడో వంతుకు మించకుండా రాయవచ్చు. దాని కన్నా ముందు రాయవలసినవి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఎవరికి ఎంత బాకీ ఉన్నాం, మనకు ఎవరు ఎంత ఇవ్వాలి, మన వద్ద ఎవరి అమానతు ఉన్నది, భార్యకు ఇవ్వవలసిన మహర్ మిగిలి ఉందా, తప్పిపోయిన రోజాలెన్ని, ఇవ్వవలసిన జకాత్ ఏమైనా ఉందా, చిట్టీలో ఎవరి పేరున కడుతున్నాం. సోదరీమణుల విషయంలో ఇది మరీ అవసరం. ఇరుగు పొరుగు స్త్రీల మధ్య నోటిమాటగా నడిచే చేబదుళ్ళూ నగల మార్పిళ్ళూ ఇంటి మగవారికి తెలియనే తెలియవు.

ఆ రాత్రి అమ్మాయి పడుకున్న తర్వాత నేను ఒక పాత నోటు పుస్తకం తీసి కూర్చున్నాను. అయిదు నిమిషాల పని అనుకున్నది గంటన్నర పట్టింది. రాస్తుంటే ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. మసీదు మరమ్మతు కోసం ఒకరు ఇవ్వగా నా జేబులోనే కలిసిపోయిన కొంత మొత్తం. పదకొండేళ్ళ కిందట ఒక మిత్రుని వద్ద తీసుకుని, అతడూ అడగక నేనూ ఇవ్వక మరుగున పడిన అప్పు. మాట్లాడి మూడేళ్ళయిన ఒక బంధువు. మొదటిది మరునాడు ఫజర్ తర్వాత అప్పగించాను. రెండోదానికి ఫోను చేస్తే మిత్రుడు కాసేపు మౌనంగా ఉండి, "నాకు గుర్తుంది, నీకు గుర్తులేదేమో అనుకున్నాను" అన్నాడు. ఆ మౌనం నాకు చాలాకాలం గుర్తుంటుంది. మూడోది ఇంకా మిగిలి ఉన్నది. ఇది మీ చేతికి చేరేలోగా, ఇన్షా అల్లాహ్, వారి గుమ్మం తొక్కుతాను.

మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పలేదు. మరునాడు చెప్పాను: "వాళ్ళకు తెలియదమ్మా. మనకూ తెలియదు." పుస్తకం ఏ అరలో ఉంచానో చూపించాను. చివరి పేజీ తెరిచి చూసి, కలం తీసుకుని తన వంతుగా ఒక వరుస రాసింది: తరగతిలో స్నేహితురాలి వద్ద తెచ్చుకున్న లెక్కల పుస్తకం, తిరిగి ఇవ్వాలి.

ఎవరి హక్కూ మన మెడ మీద లేకుండా అల్లాహ్ మనల్ని తన సన్నిధికి చేర్చుగాక. ఆమీన్.