ఆపరేటర్ గదిలోంచి: బొమ్మ బావుంది, మాటేదీ?

‘‘మా కాలేజీ ఫిల్మ్ క్లబ్బుకి పాత 35 ఎం.ఎం. ప్రొజెక్టర్ దొరికింది. బొమ్మ దివ్యంగా పడుతోంది. మాటలే దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టున్నాయి. పైగా గుయ్యిమని ఒకటే రొద. స్పీకర్లు మార్చెయ్యమంటారా?’’ అని ఒక పాఠకుడి ప్రశ్న.

ఆగండి బాబూ, డబ్బు దండగ! ఆ రొద ఏం చెబుతోందో ముందు వినండి.

రీలు మీద చిల్లులకీ బొమ్మకీ మధ్య సన్నటి గీత ఉంటుంది. అదే సౌండ్ ట్రాక్. ఎగ్జైటర్ ల్యాంపు వెలుగు సన్నని చీలికగుండా దానిమీద పడి, అవతలి ఫోటోసెల్‌కి చేరుతుంది. గీత వంకర్లని బట్టి వెలుగు హెచ్చుతుంది, తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే హాల్లో మాటా, పాటా అవుతాయి.

మరి మాట మసకబారిందంటే? మొదటి అనుమానం ఆ చీలిక దగ్గరి లెన్సు మీద పేరుకున్న దుమ్మూ, నూనే. మెత్తటి గుడ్డతో తుడిస్తే సగం జబ్బు నయం. మాట స్పష్టంగానే ఉన్నా బలం లేదా? ల్యాంపు గాజు నల్లబడిందేమో చూడండి. కవరు తీసేముందు కరెంటు ఆపడం మాత్రం మరవద్దు!

ఇక రొద సంగతి. ఫిల్ము తీసేసి ల్యాంపు వెలిగించండి. రొద ఇంకా ఉందా? అయితే తప్పు ఫిల్ముది కాదు. ల్యాంపు ఆర్పండి. రొద పోయిందంటే ల్యాంపుకి వెళ్ళే డి.సి. కరెంటు శుద్ధంగా లేదు. మన 50 సైకిళ్ళ కరెంటు 100 సైకిళ్ళ గుయ్యిగా వినబడుతోంది. ఆర్పినా పోలేదా? ఆంప్లిఫయర్‌నో, ఎర్త్ తీగనో పట్టుకోండి.

ఫిల్ము నడిచినప్పుడే రొద వస్తే అది పక్కకి జరిగిందన్నమాట. సెకనుకి 24 ఫ్రేములు, ఫ్రేముకి 4 చిల్లులు. వెలుగు చిల్లుల మీద పడితే సెకనుకి 96 సార్లు కొట్టుకుని బర్రుమంటుంది. బొమ్మవైపు జరిగితే ఫ్రేము గీతలు తగిలి 24 సార్లు డబడబలాడుతుంది. గైడ్ రోలర్ సరిచేస్తే రెండూ పోతాయి.

హీరోయిన్ పెదవులు మూశాక మాట వస్తోందా? గేటు దగ్గర బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. శబ్దానికి ఎడతెగని నడక కావాలి. అందుకే ట్రాకు చదివే చోటు గేటుకి కాస్త కింద ఉంటుంది, ట్రాకుని బొమ్మకంటే సుమారు 20 ఫ్రేములు ముందుగా అచ్చువేస్తారు. మధ్యలో లూపు పెద్దదైతే మాట వెనకబడుతుంది, చిన్నదైతే ముందే వచ్చేస్తుంది. పాట ఊగుతూ సాగుతుంటే సౌండ్ డ్రమ్ము బేరింగులు చూడండి.

ఇంకో మాట. 2000 తర్వాత వచ్చిన ప్రింట్లు కొన్నింటిలో ట్రాకు నీలిరంగులో ఉంటుంది. దాన్ని ఎర్ర ఎల్.ఇ.డి. వెలుగే సరిగ్గా చదువుతుంది. పాత ల్యాంపుతో వేస్తే గొంతు నీరసిస్తుంది. అది యంత్రం జబ్బు కాదు.

ఇంత జాగ్రత్త దేనికంటారా? హాళ్ళకి ఇప్పుడు బొమ్మ డిజిటల్‌లో వస్తోంది. మీ చేతికొచ్చిన పాత ప్రింటుకి జోడీ మరెక్కడా లేకపోవచ్చు. స్పీకరు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మొరటు రోలర్ ట్రాకుని గీరేస్తే, ఆ గొంతు మళ్ళీ ఏ బజార్లోనూ దొరకదు. అందుకని ముందు పనికిరాని ఫిల్ము ముక్క నడిపి చూడండి. అసలు రీలు ఆ తర్వాతే!