వెలిగించడానికి మనిషే ఉండాలి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు కొందరు హాల్లోని గ్యాస్ ఫైర్‌ప్లేస్‌ను కూడా లైట్ల లాగే ఫోనుకు కలిపేసుకుంటున్నారు. చలికాలం సాయంత్రం ఆఫీసులో బయల్దేరుతూనే ఇంట్లో మంట వెలిగించుకోవడం సుఖమే, కాదనను. కానీ మనిషి లేని ఇంట్లో మంట వెలగకూడదు. అసలు ఈ ఫైర్‌ప్లేస్ గోడ స్విచ్ మామూలు స్విచ్ కాదు. పైలట్ మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండే రకాల్లో ఆ మంట వేడికే థర్మోపైల్ దాదాపు ముప్పావు వోల్టు పుట్టిస్తుంది. గ్యాస్ వాల్వ్ తెరుచుకునేది ఆ కాస్త కరెంటుతోనే. ఆ సన్నటి తీగలకు 120 వోల్టుల స్మార్ట్ స్విచ్ బిగిస్తే వాల్వ్ కాలిపోవచ్చు, అంతకన్నా పెద్ద ముప్పే రావచ్చు. అక్కడ పెట్టాల్సింది తీగల్లోకి తన కరెంటు పంపని డ్రై కాంటాక్ట్ రిలే, అదీ తయారీదారు ఒప్పుకుంటేనే. ఇక ముందున్న అద్దం సంగతి. అది 200 డిగ్రీల సెల్సియస్ దాటి కాలుతుంది, ఆర్పాక కూడా చాలాసేపు చల్లారదు. పాకే పిల్లలు లేచి నిలబడడానికి అరచేతులు ఆనించేది సరిగ్గా ఆ ఎత్తులోనే. అందుకే 2015 నుంచి అక్కడి ప్రమాణాలు కొత్త ఫైర్‌ప్లేస్‌లకు రక్షణ తెర ఉండాలంటున్నాయి. పాత ఇంట్లో అది లేకపోతే, ఆటోమేషన్ కన్నా ముందు తెర కొనండి. ఆర్పడాన్ని మాత్రం నిశ్చింతగా యంత్రానికి వదిలేయండి: గంట కాగానే ఆపే టైమరు, అందరూ గడప దాటగానే ఆపే ఏర్పాటు. గ్యాస్ మంట ఉన్న ఇల్లు కదా, కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ కూడా ఈ వారమే చూసుకోండి.