డీజిల్ ఎస్‌యూవీ అమ్మేముందు అడగాల్సిన ప్రశ్న



ఇంటికి ఏ ఎస్‌యూవీ మంచిదని అడిగితే మైలేజీ, రీసేల్, ఏడు సీట్ల గురించి చెప్పేవాళ్లే అందరూ. రోజూ ఎంత దూరం తిప్పుతారు, ఏ రోడ్ల మీద తిప్పుతారు అని అడిగేవాళ్లు లేరు. డీజిల్ బండి మొరాయించేదీ లేనిదీ చాలావరకు తేలేది అక్కడే. ఆ ప్రశ్న షోరూమే అడగాలి, జవాబును బట్టి కాగితం మీద రాసి మరీ హెచ్చరించాలి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత తప్పనిసరైంది. అది పొగలోని మసిని పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని కాల్చాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా పోతే ఆ పని దానంతటదే అయిపోతుంది. పిల్లల్ని బడి దగ్గర దింపి, కూరగాయలు తెచ్చి, ఇంటిముందు ఆపేసే బండికి అంత వేడి ఎక్కడి నుంచి వస్తుంది? వేడి పుట్టించడానికి చాలా ఇంజన్లు అదనంగా డీజిల్ చిమ్ముతాయి. మధ్యలో ఆపేసిన ప్రతిసారీ అందులో కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది.

మా బండిలో జరిగింది ఇదే. డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచి చూస్తే ఆయిల్ పై గీత దాటిపోయింది. వాడేకొద్దీ తగ్గాల్సిన ఆయిల్ పెరిగింది! ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. అలా పలచబడ్డ ఆయిల్‌తో టర్బో, బేరింగులు అరిగిపోతాయి. సర్వీస్ సెంటర్‌లో "ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక రౌండు కొట్టి రండి సార్" అన్నారు. సలహా సరైనదే. ఆ ముక్క బుకింగ్ రోజున ఎందుకు చెప్పలేదు? ఆ రోజు సన్‌రూఫ్ గురించి మాత్రం ఎంతసేపు చెప్పారో! వడపోత పూర్తిగా మూసుకుపోతే మార్చాలి, దానికి పెద్ద మొత్తమే అవుతుంది. వాడకం సరిగా లేదంటే వారంటీ కూడా దక్కదు.

మాన్యువల్‌లో రాసే ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఆ పుస్తకం చేతికొచ్చేది డబ్బు కట్టేశాకే. చట్టం కూడా ఇక్కడ అక్కరకు రాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచేలా ప్రభుత్వం ఆదేశించవచ్చు. అలాంటి లోపాలు ఉండవని కాదు, ఆస్ట్రేలియాలో టయోటా డీజిల్ బండ్ల డీపీఎఫ్ వ్యవస్థలో లోపం ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. మన దగ్గర ఎక్కువ మంది బాధ అది కాదు. బండిలో లోపం లేదు, ఇంటి అవసరానికి ఆ బండి సరిపోలేదు. అలాంటప్పుడు కొనేవాడికి ముందే తెలియడం తప్ప వేరే రక్షణ లేదు.

డీజిల్ వద్దని నేననను. తరచూ విజయవాడకో కర్నూలుకో వెళ్లొచ్చేవాళ్లకు దానంత హాయి మరొకటి లేదు. ఊళ్లోనే తిరిగేవాళ్లకు పెట్రోల్ బండి చూపించాలి. అయినా డీజిలే కావాలంటే డీపీఎఫ్ సంగతి బుకింగ్ ఫారంలో తెలుగులో రాసి సంతకం తీసుకోవాలి. రవాణా శాఖ ఈ నిబంధన తేవాలి. ఇప్పటికే కొన్నవాళ్లు ఆయిల్ మట్టం నెలకోసారైనా చూసుకోండి. బండి ఆగి ఉన్నప్పుడు ఆర్‌పీఎం మామూలు కన్నా ఎక్కువగా ఉండి, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే మసి కాలుతున్నట్టే. అప్పుడు ఇంజన్ ఆపకుండా ఇంకాస్త దూరం పోనివ్వండి.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్